కొత్త కారు బేరం: తాళం చేతికొచ్చేదాకా ఒకటే అంకె

మొదటిసారి కొత్త కారు కొన్నప్పుడు బాగానే బేరమాడాననుకున్నాను. డీలర్ చెప్పిన ధరలో మూడు శాతం తగ్గించాడు, సంతోషంగా సంతకాలు పెట్టి ఇంటికొచ్చాను. వారం తర్వాత బిల్లు తీసి తీరిగ్గా చదివితే నేను అడగని రంగు పూత, పొడిగించిన వారంటీ, యాక్సెసరీల ప్యాకేజీ, ‘హ్యాండ్లింగ్’ పేరుతో ఇంకో మొత్తం కనిపించాయి. అన్నీ కూడితే నాకు తగ్గించిన దానికంటే ఎక్కువే తేలింది. ప్రతి కాగితం మీదా నా సంతకం ఉంది. తప్పు జరిగిందని ఎవరినీ అడగలేను.

ఆ తర్వాత బంధువులు, స్నేహితులు కార్లు కొంటుంటే చాలాసార్లు పక్కన కూర్చున్నాను. ఎవరి బేరం చూసినా లెక్క ఒకటే. కారు మీద డీలర్‌కి మిగిలేది మనం అనుకున్నంత ఎక్కువేమీ కాదు. కారు చుట్టూ ఉన్నవాటి మీద బాగా మిగులుతుంది. లోను ఇప్పిస్తే కమిషన్, ఇన్సూరెన్స్ చేయిస్తే కమిషన్, సీటు కవర్ల మీద లాభం, వారంటీ పొడిగింపు మీద లాభం, మీ పాత కారు తీసుకుని వేరేవాళ్లకి అమ్మితే లాభం. అందుకని కారు ధరలో ఒక చేత్తో ఇచ్చి, మిగతావాటిలో రెండో చేత్తో తీసుకోవడం సులువు. తాళం మీ చేతికొచ్చేలోపు మీ జేబులోంచి వెళ్లే మొత్తం ఎంతో, ఆ ఒక్క అంకె మీదే బేరమాడండి. కింద చెప్పేవన్నీ ఆ అంకెను ఎలా తగ్గించుకోవాలో, తగ్గాక మళ్లీ పెరగకుండా ఎలా కాపాడుకోవాలో చెప్పేవే.

ఇల్లు కదలకముందు

మోడల్, వేరియంట్ ఇంట్లోనే తేల్చుకోండి. షోరూములో నిలబడి తేల్చుకుంటే ఒక మెట్టు పైన ఉన్న వేరియంట్ కొనిపిస్తారు. మీకు నచ్చే రెండో కారు కూడా ఒకటి మనసులో ఉండాలి. ‘ఇది కాకపోతే అది’ అనే వీలు నిజంగా ఉన్నవాళ్ల గొంతులోనే ఆ ధీమా వినిపిస్తుంది, అవతలివాళ్లు దాన్ని వెంటనే పసిగడతారు. రంగు విషయంలో పట్టుదల తగ్గించుకుంటే ఇంకా మంచిది. యార్డులో ఉన్న రంగు తీసుకునేవాళ్లకి తగ్గింపు తేలిగ్గా వస్తుంది.

తర్వాత ఒక కాగితం మీద కారు అసలు ధర, పన్నులు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, వారంటీ, ఇతర చార్జీలు వరుసగా రాసుకోండి. పన్నులు, ప్రభుత్వ ఫీజులు కదలవు, వాటి మీద బేరం దండగ. అయితే అవి ఎంతో రవాణా శాఖ లెక్క చూసి మీరే తెలుసుకోండి, ఎందుకంటే రిజిస్ట్రేషన్ పద్దులో డీలర్ తన ఖర్చు కొంత కలిపేయడం మామూలే. మిగతా పద్దులన్నీ కదిలేవే. అన్నిటికీ కలిపి ‘ఇంతకు మించి పెట్టను’ అన్న హద్దు అంకె కూడా ఆ కాగితం మీద రాయండి. షోరూములో ఆ కాగితం మీ జేబులో ఉండాలి.

లోను ముందు, కారు తర్వాత

షోరూములో కూర్చోగానే అడిగే ప్రశ్న, ‘నెలకు ఎంత కట్టగలరు సార్?’ ఎంతో మర్యాదగా అడుగుతారు. దానికి అంకె చెప్పిన క్షణం నుంచి బేరం మీ చేతిలో ఉండదు. ఈఎంఐ అనేది ధర, వడ్డీ, కాలం మూడింటి కలయిక. మీరు చెప్పిన వాయిదాకి సరిపోయేలా కాలాన్ని సాగదీస్తే చాలు, ఎంత ధరైనా అందులో ఇమిడిపోతుంది.

లెక్క చూడండి. పది లక్షల అప్పు, 9 శాతం వడ్డీ. ఐదేళ్లకి తీసుకుంటే నెల వాయిదా సుమారు 20,758. ఏడేళ్లకి తీసుకుంటే 16,089. నెలకి నాలుగున్నర వేలు తగ్గింది కదా అనిపిస్తుంది. కానీ ఐదేళ్లలో కట్టే వడ్డీ దాదాపు 2.45 లక్షలు అయితే, ఏడేళ్లలో కట్టేది 3.51 లక్షలు. రెండు రోజులు గీసి గీసి బేరమాడి సాధించింది ఈ ఒక్క మార్పుతో పోతుంది. వడ్డీ ఒక్క శాతం పెరిగినా అంతే. అదే అప్పు, అదే ఐదేళ్లు, 9 బదులు 10 శాతం అయితే మొత్తం మీద సుమారు 29 వేలు ఎక్కువ.

ఇంకో మాట ఉంది, ‘ఫ్లాట్ రేటు’. 7 శాతం ఫ్లాట్ అంటే వినడానికి 9 శాతం కంటే చవగ్గా ఉంటుంది. ఫ్లాట్ అంటే మీరు అసలు తీరుస్తూ వస్తున్నా మొదటి రోజు అప్పు మీదే చివరిదాకా వడ్డీ వేయడం. పది లక్షలకి ఐదేళ్లు 7 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ మూడున్నర లక్షలు, నెలకి 22,500. తగ్గే అసలు మీద వేసే మామూలు బ్యాంకు వడ్డీలో చెప్పాలంటే అది దాదాపు 12.5 శాతం! ఎవరు ఏ రేటు చెప్పినా ‘ఫ్లాటా, తగ్గే అసలు మీదా?’ అని అడగండి. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే తీర్చేస్తే జరిమానా ఎంత అన్నవీ అడగండి.

కాబట్టి షోరూముకి వెళ్లే ముందే మీ బ్యాంకులో లోను మంజూరు చేయించుకోండి. అక్కడ ఈఎంఐ ప్రశ్న వస్తే, ‘ముందు కారు మొత్తం తేలనివ్వండి, తర్వాత లోను చూద్దాం. మీ వడ్డీ తక్కువైతే మీ దగ్గరే తీసుకుంటాను’ అనండి. ఇది అబద్ధం కాదు, నిజంగానే కొన్నిసార్లు వాళ్ల వడ్డీ తక్కువ ఉంటుంది. తమ లోను తీసుకుంటేనే తగ్గింపు అంటే, తగ్గింపు ఎంతో, ఎక్కువయ్యే వడ్డీ ఎంతో పోల్చి చూసి నిర్ణయించుకోండి. సున్నా వడ్డీ పథకాలకీ ఇదే లెక్క. డబ్బంతా ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు అందులో పోతోందేమో చూడాలి.

పాత కారు ఉంటే

కొత్త కారు ధర కాగితం మీదికి వచ్చేదాకా పాత కారు మాట ఎత్తకండి. రెండూ ఒకేసారి బల్ల మీదికి వస్తే ఏది ఎంతకు పోతోందో తెలియదు. కొత్తదాని మీద బాగా తగ్గించినట్టు చూపించి పాతదాని విలువలో కోస్తారు, లేదా పాతదానికి గొప్ప ధర ఇచ్చినట్టు చూపించి కొత్తదాని మీద ఏమీ తగ్గించరు. ముందే పాత కార్లు కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురికి చూపించి ధర తెలుసుకోండి. కొత్త కారు మొత్తం ఖాయమయ్యాక, ‘ఇప్పుడు దీనికి ఎంతిస్తారు?’ అని అడగండి. బయట వచ్చే ధరకి దగ్గరగా ఉంటే అక్కడే ఇచ్చేయడం సుఖం. పాతది ఇచ్చినందుకు అదనంగా ఇచ్చే ఎక్స్చేంజ్ బోనస్ ఉంటే దాన్నీ కలిపి చూడండి.

టెస్ట్ డ్రైవ్ వేరే రోజు పెట్టుకోండి. ఆ రోజు డబ్బు మాటలు వద్దు. కొత్త కారు నడిపి దిగిన పది నిమిషాల్లో ఎవరమూ సరిగ్గా బేరమాడలేం.

నలుగురిని రాతపూర్వకంగా అడగండి

నన్నడిగితే అసలు బేరమంతా ఇక్కడే ఉంది. మిగతావన్నీ తప్పినా ఇది తప్పకండి.

ఒక షోరూములో కూర్చుని మూడు గంటలు వాదించినా రాని తగ్గింపు, నలుగురు డీలర్లకి ఒకే సందేశం పంపితే రావచ్చు. ఒకే కారు, ఒకే వేరియంట్ నలుగురి దగ్గరా ఉంటుంది, తేడా ధరలోనే. మీరు ఒంటరిగా వాళ్లతో పోటీపడే బదులు వాళ్లలో వాళ్లే పోటీపడతారు. దగ్గరి డీలర్లతో పాటు కాస్త దూరంలో ఉన్న ఇద్దరిని కూడా కలపండి.

సందేశం ఇలా ఉండొచ్చు:

‘నమస్కారమండి. నాకు ఫలానా మోడల్, ఫలానా వేరియంట్ కావాలి. ఈ రెండు రంగుల్లో ఏదైనా ఫర్వాలేదు. మూడు వారాల్లోపు కొంటాను. డెలివరీ నాటికి నేను కట్టాల్సిన మొత్తం ఎంతో పద్దుల వారీగా కొటేషన్ పంపండి. నేను అడగని యాక్సెసరీలు, పూతలు, వారంటీలు కలపొద్దు. ఇన్సూరెన్స్ మీ దగ్గర చేయిస్తే ఎంత, బయట చేయించుకుంటే ఎంత, రెండు మొత్తాలూ రాయండి. కారు ఏ నెలలో తయారైందో కూడా చెప్పండి. మరో ముగ్గురిని కూడా ఇదే అడుగుతున్నాను.’

ఇద్దరు వెంటనే ఫోన్ చేసి, ‘మీరు ఒకసారి రండి సార్, కూర్చుని మాట్లాడుకుందాం, మంచి రేటు ఇస్తాం’ అంటారు. ‘తప్పకుండా వస్తానండి, అంకె పంపాకే వస్తాను’ అనండి. కోపం అక్కర్లేదు. ఆ సేల్స్ ఎగ్జిక్యూటివ్ కూడా నెలాఖరు టార్గెట్‌తో సతమతమయ్యే మనిషే. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నది ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది.

రాతలో అడగడానికి ఇంకో బలమైన కారణం ఉంది. అమెరికాలోని షికాగో ప్రాంతంలో ఇయాన్ ఏర్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు వేర్వేరు మనుషులకి ఒకే రకం మాటలు నేర్పి కార్ల డీలర్ల దగ్గరికి బేరానికి పంపారు. 1991లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం అవే మాటలు మాట్లాడినా తెల్లజాతి మగవాళ్లకి చెప్పిన ధర కంటే ఆడవాళ్లకి, నల్లజాతి వాళ్లకి ఎక్కువ ధర చెప్పారు. అంటే ఎదురుగా కూర్చుంటే మన ముఖం, వేషం, గొంతు చూసి కూడా ధర కడుతున్నారన్నమాట. రాసి పంపిన సందేశంలో చూసి అంచనా కట్టడానికి వాళ్లకి దొరికేది తక్కువ. ఆ తర్వాత కాలంలో ఇంటర్నెట్ ద్వారా డీలర్లని సంప్రదించి కొన్నవాళ్ల మీద జరిగిన పరిశోధన, వాళ్లు సగటున సుమారు 2 శాతం తక్కువకి కొన్నారని చెప్పింది. బేరమాడటానికి మొహమాటపడేవాళ్లకి, షోరూముకి వెళ్తేనే టెన్షన్ పడేవాళ్లకి ఈ పద్ధతి మరీ మేలు.

కొటేషన్లు వచ్చాక అన్నింటినీ ఒకే కాగితం మీద పద్దు పక్కన పద్దు వేయండి. ఒకరు ఇన్సూరెన్స్ కలిపి ఉంటారు, ఒకరు వదిలేసి ఉంటారు. అలాంటివి సరిచేశాక అన్నిటికంటే తక్కువ మొత్తం ఏదో తేలుతుంది. ఆ అంకెను మిగతావాళ్లకి చెప్పి, ‘ఇంతకంటే తగ్గిస్తే మీ దగ్గరే తీసుకుంటాను’ అని రెండో విడత అడగండి. లేని కొటేషన్ ఉన్నట్టు మాత్రం చెప్పకండి. ఒక ఊళ్లో డీలర్లకి ఒకరి ధరలు ఒకరికి తెలిసే ఉంటాయి, అబద్ధం బయటపడితే తర్వాత మీ మాటకి విలువ ఉండదు. నిజం అంకె చేతిలో ఉన్నప్పుడు అబద్ధం అవసరమే లేదు. రెండు విడతలు చాలు. మూడో విడతకి వెళ్తే వాళ్లూ విసిగిపోతారు, మీకూ పెద్దగా ఒరిగేది ఉండదు.

ఎప్పుడు వెళ్లాలి

డీలర్లకి తయారీ కంపెనీ నెలకి, మూడు నెలలకి అమ్మకాల లక్ష్యం పెడుతుంది. అది దాటితే అమ్మిన కార్లన్నిటి మీదా బోనస్ వచ్చే ఏర్పాట్లు కూడా ఉంటాయి. లక్ష్యానికి రెండు మూడు కార్లు తక్కువైన డీలర్ ఆఖరి వారంలో ఒక కారుని లాభం లేకుండా అమ్మినా బోనస్‌తో గట్టెక్కుతాడు. ఆ కారు మీదైతే చాలు. అందుకని నెల మధ్యలో కొటేషన్లు అడిగి, చివరి వారంలో తేల్చుకోండి.

రెండో సంగతి, యార్డులో నిలిచిపోయిన కార్లు. డీలర్లు మామూలుగా అప్పు తెచ్చి కార్లు నిలవ పెట్టుకుంటారు, నిలిచిన ప్రతి రోజుకీ వడ్డీ పడుతుంది. కొత్త మోడల్ రాబోతున్నప్పుడు, ఏడాది మారేటప్పుడు పాత నిలవ వదిలించుకోవాలని చూస్తారు. కారుని చాలా ఏళ్లు వాడుకునేవాళ్లకి ఇది మంచి అవకాశం. మూడు నాలుగేళ్లలో అమ్మేసేవాళ్లు మాత్రం జాగ్రత్త, ఎందుకంటే రేపు కొనేవాళ్లు తయారీ ఏడాదినే చూస్తారు. పోయిన ఏడాది కారైతే తగ్గింపు ఆ నష్టానికి సరిపడా ఉండాలి.

కారు వయసు వాళ్లు చెప్పింది వినడమే కాదు, మీరూ చూడొచ్చు. తయారీ నెల, ఏడాది కారుకి బిగించిన ప్లేటు మీదో పత్రాల్లోనో ఉంటాయి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య కూడా చూడండి. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు ఏడాది. 1825 అని ఉంటే 2025లో 18వ వారంలో తయారైన టైరు. కారు కంటే టైరు కాస్త పాతదిగా ఉండటం సహజం. ఏడాది తేడా కనిపిస్తే మాత్రం అడగాలి.

తగ్గింపే దొరకని రోజులూ ఉంటాయి. 2021లో చిప్‌ల కొరత వల్ల కార్ల తయారీ పడిపోయినప్పుడు చాలాచోట్ల కొనేవాళ్లే క్యూలో నిలబడ్డారు, కొన్ని దేశాల్లో కంపెనీ చెప్పిన ధర మీద డీలర్లు అదనంగా వసూలు చేశారు. మీరు కోరిన మోడల్‌కి నెలల తరబడి వెయిటింగ్ ఉంటే ధర మీద పట్టుబట్టకండి. అనవసరమైన చార్జీలు, యాక్సెసరీలు తీసేయించుకుంటే చాలు, అదే గెలుపు.

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు

తక్కువ కొటేషన్ ఇచ్చినవాళ్ల దగ్గరికి ఆ కాగితంతో వెళ్లండి. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, కారు మీద మోజు లేనివాళ్లైతే మరీ మంచిది. పిల్లల్ని ఆ రోజు తీసుకెళ్లొద్దు. ‘నాన్నా, ఈ ఎర్ర కారే కొందాం’ అన్న ఒక్క మాటతో అవతలివాళ్లకి అంతా అర్థమైపోతుంది.

‘ఇంతకిస్తే మాకు గిట్టదండి’ అంటారు. వెంటనే మీ అంకె పెంచకండి. ఊరికే ఉండండి. మనకి మౌనం ఇబ్బంది, ఎదుటివాళ్లు బాధపడతారేమోనని మనమే ఏదో ఒక మాట అని దిగిపోతాం. ఆ అర నిమిషం ఓర్చుకుంటే చాలాసార్లు ‘మేనేజర్ గారిని అడిగొస్తాను’ అని లేస్తారు. ఆయన రావడం ఆలస్యమవుతుంది, అలసటతో ఒప్పేసుకుంటారని వాళ్ల ఆశ. ముందే చెప్పండి, ‘నాకు గంట టైముందండి’ అని. గంటయ్యాక లేచి రండి.

‘ఈ ఆఫర్ ఇవాళ సాయంత్రం వరకే’ అన్నది చాలాసార్లు తొందర పెట్టడానికే. నిజంగా కంపెనీ పథకం నెలాఖరుకి ముగుస్తుంటే దానికి కాగితం ఉంటుంది, చూపించమనండి. లేకపోతే రాత్రి పడుకుని ఆలోచించుకుని చెబుతానని వచ్చేయండి. మర్నాడు ఫోన్ వాళ్లే చేస్తారు.

ధర ఇక కదలదనిపించినప్పుడు వేరేవి అడగండి. మీరు ఎలాగూ డబ్బు పెట్టి కొనేవే అడగాలి సుమా. ‘ముప్పై వేల విలువైన యాక్సెసరీలు ఉచితం’ అంటే ఆ ముప్పై వేలు వాళ్ల ధరల పట్టికలోని విలువ. బయట అవి సగానికే దొరికితే మీకు వచ్చింది పదిహేను వేలే. అందులో మీకు అక్కర్లేనివి తీసేస్తే ఇంకా తక్కువ. ఫ్లోర్ మ్యాట్లు, పొడిగించిన వారంటీలో సగం ధర, ఇంటికి డెలివరీ లాంటివి అడగడం నయం. ఇన్సూరెన్స్ విషయంలో బయటి కొటేషన్ ఒకటి ఫోన్‌లో సిద్ధంగా ఉండాలి. పోల్చేటప్పుడు రెండింటిలోనూ వాహనం విలువ, అదనపు కవర్లు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. విలువ తగ్గించి చూపిస్తే ప్రీమియం తగ్గుతుంది, రేపు కారు పోతే వచ్చేదీ తగ్గుతుంది.

బేరం తెగాక

అసలు ప్రమాదం ఇప్పుడే. ఒప్పందం కుదిరిందని మనసు తేలికపడుతుంది, అప్పుడే కాగితాలు ముందుకొస్తాయి. నా డబ్బు పోయింది సరిగ్గా ఈ అరగంటలోనే.

అడ్వాన్సు వీలైనంత తక్కువ ఇవ్వండి. బుకింగ్ కాగితం మీద మోడల్, వేరియంట్, రంగు, తయారీ ఏడాది, అన్నీ కలిపిన మొత్తం, ఉచితంగా ఇస్తామన్నవాటి పేర్లు, డెలివరీ తేదీ ఉండాలి. ఈలోగా కంపెనీ ధర పెంచితే ఎవరు భరించాలి, మీరు బుకింగ్ వద్దనుకుంటే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు అన్నవీ రాయించుకోండి. ‘అది మేం చూసుకుంటాం సార్’ అన్నది కాగితం మీదికి రాకపోతే లేనట్టే. మీతో మాట్లాడిన మనిషి వచ్చే నెల ఆ ఉద్యోగంలో ఉండకపోవచ్చు.

చివరి బిల్లు సంతకానికి ముందు రోజే ఫోన్‌కి పంపమనండి. ఇంట్లో మీ కాగితం పక్కన పెట్టుకుని వరుస వరుసా చూడండి. తెలియని పద్దు కనిపిస్తే ‘ఇదేమిటండీ? ఇది లేకుండా బిల్లు చేయండి’ అని అడగండి. ‘అందరూ కడతారు’ అన్నది జవాబు కాదు.

మిగతా డబ్బు కట్టేముందు, రిజిస్ట్రేషన్ జరగకముందు, మీకు కేటాయించిన కారుని పగటి వెలుతురులో చూడండి. ఛాసిస్ నంబరు బిల్లులో ఉన్నదీ కారు మీద ఉన్నదీ ఒకటేనా, మీటరు ఎంత తిరిగింది, రంగులో తేడా, గీతలు ఉన్నాయా, అద్దాలు, లైట్లు, ఏసీ, స్పేర్ టైరు ఎలా ఉన్నాయి అన్నీ చూడండి. లోపం కనిపిస్తే సరిచేసేదాకానో, వేరే కారు ఇచ్చేదాకానో డబ్బు ఆపండి. రిజిస్ట్రేషన్ అయ్యాక మీ పట్టు చాలా తగ్గిపోతుంది. తాళాలు రెండూ తీసుకుని, బుకింగ్ కాగితం మీద రాసిన ప్రతి వస్తువుకీ టిక్కు పెట్టి, అప్పుడు కారు బయటికి తీయండి.